రివిజన్ అంటే మళ్లీ చదవడమేనా? హైదరాబాద్ హైస్కూళ్ల హెచ్‌ఎంలకు ఒక ఇంగ్లిష్ టీచర్ బహిరంగ లేఖ

హైదరాబాద్ నగరంలోని ఉన్నత పాఠశాలల ప్రధానోపాధ్యాయులందరికీ,

నమస్కారం.

నేను ఇరవై రెండేళ్లుగా ఈ నగరంలో ఇంగ్లిష్ చెబుతున్నాను. అందులో ఎక్కువ కాలం తొమ్మిది, పది తరగతులకే. జనవరి వచ్చిందంటే మన బడులన్నిటిలో ఒకటే మాట, రివిజన్. సిలబస్ అయిపోయింది, ఇక రివిజనే. స్లిప్ టెస్టులు, ప్రీ ఫైనల్స్, పొద్దున ఒక స్పెషల్ క్లాసు, సాయంత్రం ఇంకొకటి. పిల్లలు అలిసిపోతారు, మనమూ అలిసిపోతాం. ఆ రెండు నెలల్లో ఇంగ్లిష్ పీరియడ్‌లో ఏం జరుగుతోందో, ఏం జరిగితే బాగుంటుందో చెప్పాలని రాస్తున్నాను. టైమ్ టేబుల్ వేసేది మీరు కాబట్టి మీకే రాస్తున్నాను.

ఇప్పుడు జరుగుతున్నది మీకు తెలియనిదేం కాదు. బోర్డు మీద సిమిలీ, మెటఫర్, పర్సనిఫికేషన్, అలిటరేషన్, హైపర్‌బొలీ అని, కవిత్వంలోని పోలికలకు, శబ్దాలకు ఇంగ్లిష్‌లో ఉన్న పేర్లను వరసగా రాస్తాం. ఒక్కోదానికి ఒక నిర్వచనం, ఒక ఉదాహరణ. పిల్లలు నోట్సులో దించుకుంటారు, మరుసటి రోజు అప్పజెప్తారు. కొన్నేళ్లు నేనూ ఇలాగే చేశాను. ఒక జనవరిలో, నిర్వచనాలన్నీ తడుముకోకుండా చెప్పిన క్లాసుకు, ఎప్పుడూ చూడని ఎనిమిది లైన్ల పద్యం ఒకటి ఇచ్చి ఇందులో పోలిక ఎక్కడుందో చూపించమన్నాను. క్లాసు మొత్తం తల దించుకుంది. నాకు చెప్పలేనంత బాధ వేసింది. తప్పు పిల్లలది కాదు. వస్తువును వాళ్ల చేతికి ఇవ్వకుండా దాని పేరు మాత్రమే నేర్పించాను.

వ్యాసాల సంగతీ అంతే. కాలుష్యం, సెల్‌ఫోన్, పండుగలు, చెట్లు నాటడం. కోఠిలో కొన్న గైడ్‌లోంచి నాలుగైదు వ్యాసాలు బట్టీ పట్టిస్తాం. వచ్చిన ప్రశ్న వాటిలో ఒకటైతే పిల్లాడు గట్టెక్కుతాడు, లేకపోతే దగ్గరగా ఉన్నదేదో రాసేస్తాడు. స్పాట్ వాల్యుయేషన్‌కు వెళ్లిన ఏ ఇంగ్లిష్ టీచర్‌నైనా అడిగి చూడండి. బండిల్ విప్పితే ఒకే మొదటి వాక్యం, ఒకే ముగింపు, గైడ్‌లో ఉన్న తప్పుతో సహా పేపర్ తర్వాత పేపర్‌లో కనిపిస్తుంది. అన్ని పేపర్లు దిద్దినా, రాసిన పిల్ల ఎవరో, ఏమనుకుంటోందో ఒక్క ముక్క తెలియదు.

మనం రివిజన్ అనే మాటను ఒకే అర్థంలో వాడుతున్నాం, చదివినదాన్నే మళ్లీ చదవడం. రాసేవాళ్ల దగ్గర ఆ మాటకు ఇంకో అర్థం ఉంది. రాసినదాన్ని మళ్లీ చూసి, కొట్టేసి, జరిపి, తిరగరాయడం. లెక్కలకు, సోషల్‌కు మొదటి అర్థం సరిపోతుందేమో. ఇంగ్లిష్‌కు రెండోది కావాలి. మా పిల్లల్లో చాలామంది పదేళ్ల చదువులో ఒక్క వ్యాసాన్నైనా రెండోసారి రాసి ఉండరు. తప్పులకు ఎర్ర సున్నాలు చుట్టి నోట్‌బుక్ తిరిగి ఇస్తే వాళ్లు మార్కు చూసుకుని పేజీ తిప్పేస్తారు. ఆ సున్నాలతో ఏం చేయాలో చెప్పే పీరియడ్ ఒకటి మన టైమ్ టేబుల్‌లో ఎప్పుడూ లేదు.

నా కళ్లు తెరిపించిన ఒక అమ్మాయి గురించి చెప్పాలి. పేరు రాయను. మూసారాంబాగ్ దగ్గర, మూసీకి అతి దగ్గరగా వాళ్ల ఇల్లు. నీటి కాలుష్యం మీద గైడ్‌లోని వ్యాసం రాసుకొచ్చింది. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి, స్పెల్లింగ్ తప్పు ఒక్కటీ లేదు. నోట్‌బుక్ మూసేసి, తెలుగులోనే అడిగాను, మూసీ గురించి నువ్వు చెప్పు అని. కాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది, “వానలు పడ్డయంటే మూసీ మా ఇంట్లకే వస్తది మేడం. చెప్పకుండ వచ్చే చుట్టం లెక్క.”

ఆ వాక్యాన్ని బోర్డు మీద రాశాను. ఇందులో ఉపమేయం ఏది అని క్లాసును అడిగాను. ఇంగ్లిష్ పీరియడ్‌లో ఆ మాట విని ముందు ఆశ్చర్యపోయారు. తర్వాత నాలుగైదు గొంతులు ఒక్కసారే, మూసీ మేడం. ఉపమానం? చుట్టం. సమానధర్మం? చెప్పకుండా రావడం. ఉపమావాచకం? ఇక్కడ కొంచెం ఆగారు. తెలుగు పుస్తకంలో వలె, పోలె, లాగా అని చదువుకున్నారు. వెనక బెంచీ అబ్బాయి ఒకడు లేచి, “లెక్క మేడం, లెక్క అంటే లాగా అనే కదా” అన్నాడు. మన తెలంగాణ మాట ‘లెక్క’ ఇంగ్లిష్‌లోని ‘లైక్’ పక్కన వచ్చి నిలబడింది. సిమిలీ అంటే ఏమిటో ఆ రోజు మళ్లీ చెప్పాల్సిన పని పడలేదు.

మనం పిల్లల చేతిలో ఉన్నదాన్ని చూడకుండా ఖాళీ చేతులతో మొదలుపెడుతున్నాం. ఒక పోలికలో దేన్ని పోలుస్తున్నామో, దేనితో పోలుస్తున్నామో విడదీసి చెప్పడానికి ఇంగ్లిష్ విమర్శలో టెనర్, వెహికల్ అన్న పేర్లు వచ్చింది 1936లో, విమర్శకుడు ఐ.ఏ. రిచర్డ్స్ పెట్టాక. ఇంగ్లిష్‌లో వాటిని చాలామంది డిగ్రీలోగానీ వినరు. మన పిల్లలు ఉపమేయం, ఉపమానం అని హైస్కూల్ తెలుగు పీరియడ్‌లోనే నేర్చుకుంటున్నారు. పక్క పీరియడ్‌లో తెలుగు మాస్టారు చెప్పిన పాఠానికీ, మనం చెప్పే పాఠానికీ మధ్య ఒక తలుపు ఉందని ఎవరూ చెప్పకపోవడం వల్ల అది మూసే ఉంది.

పాతబస్తీ వైపు పనిచేసే టీచర్లకు ఇంకో తలుపు కూడా ఉంది. ఉర్దూ చదివే పిల్లలకు సిమిలీ అంటే తష్బీహ్, మెటఫర్ అంటే ఇస్తిఆరా. వాళ్ల ఉర్దూ టీచర్ గజల్‌లోని షేర్ (రెండు పాదాల పద్యం) చెబుతూ ఆ మాటలు వాడే ఉంటారు. ఒకే క్లాసులో ఉపమ తెలిసిన పిల్ల, తష్బీహ్ తెలిసిన పిల్ల పక్కపక్కన కూర్చునే నగరం మనది. అంత మంచి ఇంగ్లిష్ క్లాసు ఇంకెక్కడ దొరుకుతుంది?

ప్రతి పదానికీ జత కుదురుతుందని నేను అనడం లేదు. రూపకం మెటఫర్‌కు బాగా దగ్గర. ఒక మాటకు రెండు అర్థాలు వచ్చే శ్లేష పన్‌కు దగ్గర. అతిశయోక్తిని మన హైస్కూల్ పుస్తకాలు చెప్పే అర్థంలో తీసుకుంటే హైపర్‌బొలీతో సరిపోతుంది. అలిటరేషన్ దగ్గర జాగ్రత్త పడాలి. అది, ఒకే హల్లు మళ్లీ మళ్లీ వచ్చే వృత్త్యనుప్రాసకు చుట్టమే గానీ మన ప్రాసకు కాదు. మన పద్యంలో ప్రాస రెండో అక్షరంలో ఉంటుంది, ఇంగ్లిష్ అలిటరేషన్ మాట మొదట్లోని శబ్దంతో నడుస్తుంది. పిల్లలు ఈ రెండూ కలిపేసుకుంటారు, అది సహజం. చప్పుళ్లను పోలిన మాటలకు ఉన్న ఆనమటోపియా అన్న పేరు పలకడానికే భయపడతారు గానీ చిటపట, గలగల, జలజల, కిలకిల అని నాలుగు మాటలు చెప్పి, ఇలాంటివి ఇంకో పది చెప్పండి అంటే క్లాసు ఆగదు. ఆ సంపద తెలుగులో ఎంతుందో వాళ్లకు ఆ రోజే తెలుస్తుంది.

మెటఫర్ అన్న మాట గురించి ఒక చిన్న సంగతి. గ్రీకులో దాని అర్థం ఒకచోటి నుంచి ఇంకోచోటికి మోసుకుపోవడం. ఇప్పటికీ గ్రీసు దేశంలో ఇల్లు మారేటప్పుడు సామాన్లు మోసే లారీల మీద ఆ మాటే రాసి ఉంటుంది. ఇది చెప్పిన రోజు మెటఫర్‌ను ఎవరూ మర్చిపోరు. చుట్టం అన్న మాటలోని గుణాన్ని ఎత్తుకెళ్లి మూసీ మీద దించడమే కదా ఆ అమ్మాయి చేసింది.

కష్టమైనవీ ఉన్నాయి. పైకి ఒకటి చెప్పి లోపల ఇంకోటి అనే ఐరనీకి సరిపోయే ఒక్క మాట మన బడి తెలుగులో లేదు. తిట్టినట్టు పొగిడే, పొగిడినట్టు తిట్టే వ్యాజస్తుతి దానిలో ఒక ముక్క మాత్రమే. అక్కడ నిర్వచనం పనిచేయదు, సందర్భాలు చెప్పాలి. థీమ్ దగ్గర ఇంకా పెద్ద చిక్కు. కథ థీమ్ ఏమిటి అని అడిగితే పిల్లలు ‘ఫ్రెండ్‌షిప్’ అని రాస్తారు. అది విషయం. ఆ స్నేహం గురించి కథ ఏమంటోంది అన్నది థీమ్. విషయం ఒక్క మాటలో వస్తుంది, థీమ్‌కు ఒక పూర్తి వాక్యం కావాలి. ఈ ఒక్క తేడా తెలిస్తే పిల్లల సమాధానాలు ఎంత మారతాయో నేను నా క్లాసులో చూశాను. ఇలాంటి చోటే మన సమయం పెట్టాలి. సిమిలీ నిర్వచనం పదోసారి చెప్పడానికి కాదు.

మళ్లీ ఆ అమ్మాయి దగ్గరికి వస్తాను. మొదటి రోజు ఇంగ్లిష్‌లో ఏడు వాక్యాలు రాసింది. మూసీ చుట్టంలా వస్తుంది, ఇంట్లో సామాన్లు మంచం మీదికి ఎక్కిస్తాం, నీళ్లు నల్లగా ఉంటాయి, వాసన వారం దాకా పోదు. గ్రామర్ అక్కడక్కడా తప్పింది. నేను ఒక్క తప్పూ దిద్దలేదు. మార్జిన్‌లో ఒక మాట రాశాను, ‘అయితే?’ అని. ఇంత చెప్పావు, అయితే నువ్వు చెప్పదలచుకున్న ఒక్క మాట ఏమిటి? రెండు రోజులు ఆలోచించి వచ్చింది. మూసీ మా ఇంటికి రాలేదు మేడం, మేమే మూసీ ఇంటికి పోయి కట్టుకున్నం అంది. ఆ వాక్యం వ్యాసం మొదటికి వచ్చింది. ఇంగ్లిష్ టీచర్లు థీసిస్ అని పిలిచేది దీన్నే. దాని పేరు నేను ఆ రోజు చెప్పలేదు, తర్వాత ఎప్పుడో చెప్పాను.

రెండోసారి రాసేటప్పుడు ఆధారాలు వెతుక్కోమన్నాను. వాళ్ల నానమ్మ చిన్నప్పుడు విన్న కథ ఒకటి తెచ్చింది. 1908 సెప్టెంబర్ 28 నాటి మూసీ వరద. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి దాదాపు 150 మంది బతికారని మన నగరంలో చాలామందికి తెలుసు. ఆ చెట్టు ఇప్పటికీ ఉంది. ఆ వరద తర్వాతే మళ్లీ అలాంటి ముప్పు రాకుండా ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారని సోషల్ మాస్టారిని అడిగి రాసుకుంది. మూడోసారి రాసినప్పుడు చింతచెట్టును మధ్యలోంచి తీసి చివరికి జరిపింది. ఎందుకు అని అడిగితే, చెట్టు మీద ఆపితే చదివేటోళ్లకు నదిని పైనుంచి చూసినట్టు ఉంటది మేడం అంది. పదిహేనేళ్ల పిల్ల. ఆ మూడు డ్రాఫ్టులూ ఇప్పటికీ నా అల్మారాలో ఉన్నాయి. వాక్యాల తప్పులు మూడోదాంట్లో మొదటిదానికన్నా చాలా తక్కువ. వాటి గురించి నేను చెప్పింది తక్కువే. తను చెప్పదలచుకున్నది తెలిశాక వాక్యాన్ని తనే సరిచేసుకుంది.

వ్యాసానికి ఇంగ్లిష్ పేరు పుట్టిందే ఇలాంటి పని లోంచి. ఫ్రాన్స్‌లో మాంటేన్ అనే ఆయన 1580లో తన రచనలు అచ్చు వేసినప్పుడు వాటికి పెట్టుకున్న పేరుకు అర్థం ‘ప్రయత్నాలు’. రాస్తూ ఆలోచించడం, ఆలోచిస్తూ తిరగరాయడం. ఆయన కూడా ఆ పుస్తకంలో చనిపోయేదాకా మాటలు చేరుస్తూనే ఉన్నాడు. ప్రయత్నం అని పేరున్న దాన్ని మనం బట్టీ పట్టిస్తున్నాం.

పాఠం మీద రాసే జవాబుల్లోనూ ‘అయితే?’ అన్న ప్రశ్న అంతే పనిచేస్తుంది. కవి ఇక్కడ సిమిలీ వాడాడు, ఇక్కడ పర్సనిఫికేషన్ వాడాడు అని పిల్లలు పట్టీలాగా రాసుకుపోతారు. పేరు పట్టుకోవడం సగం పనే. కవి చెట్టును మనిషిలా మాట్లాడించాడు, అయితే? దానివల్ల చెట్టును నరికినప్పుడు మనకు ఒక మనిషిని కొట్టినట్టు అనిపిస్తుంది. ఇదీ జవాబు. సాహిత్య పదాలూ వ్యాసమూ రెండు వేర్వేరు పాఠాలు కావని నేను నమ్మడానికి కారణం ఇదే. చదివేటప్పుడు కవి చేతిలో చూసిన పనిముట్టునే పిల్ల తను రాసేటప్పుడు తన చేతిలోకి తీసుకోవాలి. వేర్వేరు వారాల్లో వేర్వేరు నోట్సుల్లో చెబితే ఆ పని జరగదు.

మీ వైపు నుంచి వచ్చే మాటలు నాకు తెలుసు. నేను పనిచేసిన ఒక బడిలో జనవరి నుంచి ఇంగ్లిష్ పీరియడ్లు వారానికి మూడు తీసేసి లెక్కలకు, సైన్స్‌కు ఇచ్చారు. ఇంగ్లిష్‌లో ఎలాగూ పాసవుతారు అన్నారు. ఆ హెచ్‌ఎం గారు పిల్లల మేలు కోరే మనిషి, ఆయన టెన్షన్ నాకు అర్థమైంది. నేను అడ్డు చెప్పలేకపోయాను, ఆ ఏడాది గురించి ఇప్పటికీ నాకు బాధగానే ఉంది. పాసవడం వేరు, రాయడం వచ్చి బయటికి వెళ్లడం వేరు. ఇంటర్‌లో, డిగ్రీలో, ఉద్యోగంలో అడుగడుగునా వాళ్లు ఇంగ్లిష్‌లో ఏదో ఒకటి రాయాలి. అప్పుడు గైడ్ ఉండదు.

పైగా ఇప్పటి పిల్లల పరిస్థితి ముందులా లేదు. మన ప్రభుత్వ బడుల్లో 2022-23లో ఒకటి నుంచి ఎనిమిది తరగతులకు ఇంగ్లిష్ మీడియం మొదలైంది. సైన్స్ జవాబైనా, సోషల్ జవాబైనా వాళ్లు రాయాల్సింది ఇంగ్లిష్‌లోనే. ఇంగ్లిష్ పీరియడ్‌లో ఒక పేరాగ్రాఫ్ సొంతంగా కట్టడం వస్తే ఆ మేలు మిగతా సబ్జెక్టులన్నిటికీ అందుతుంది. ఒకప్పుడు పదో తరగతిలో ఇంగ్లిష్‌కు రెండు పేపర్లు ఉండేవి, ఇప్పుడు ఒక్కటే. చదవడం, పదజాలం, గ్రామర్, డిస్కోర్సులు అన్నీ ఆ ఒక్క పేపర్‌లోనే. లేఖ రానీ, డైరీ రానీ, ప్రసంగం, వార్తా నివేదిక ఏదైనా రానీ, గైడ్‌లో లేనిది వచ్చినప్పుడు నిలబడేది సొంతంగా రాయడం తెలిసిన పిల్లే.

సెక్షన్‌కు అరవై మంది ఉన్నారు, డ్రాఫ్టులు ఎవరు దిద్దుతారు అని మన టీచర్లే అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. ఒక్కో నోట్‌బుక్‌కు ఐదు నిమిషాలు వేసుకున్నా అరవైకి ఐదు గంటలు. అది ఎవరివల్లా కాదు. నేను మొదటి డ్రాఫ్టును పక్క బెంచీ వాళ్లతో చదివిస్తాను, వాళ్ల పని తమకు అర్థం కానిచోట గీత గీయడం మాత్రమే. నేను చూసేది ఒక్కటే, చెప్పదలచుకున్న మాట ఉందా లేదా. దానికి ఒక్కోదానికి ఒక నిమిషం చాలు. గ్రామర్ రెండో డ్రాఫ్టులో చూస్తాను, అదీ ఆ వారానికి ఒకే రకం తప్పు. ఒక వారం క్రియలు, ఇంకో వారం వాక్యం ఎక్కడ ఆపాలో. అన్నీ ఒకేసారి దిద్దిన పేజీని ఏ పిల్లా చదవదు.

బట్టీకి నేను శత్రువును కాదు. పిల్లలకు రెండు మంచి పద్యాలు కంఠస్థం వస్తే ఆ లయ జీవితాంతం వాళ్లతో ఉంటుంది. నిర్వచనాలు కూడా తెలియాలి. వాటికి ఒక మధ్యాహ్నం చాలు, రెండు నెలలు అక్కర్లేదు.

1958లో ఇంగ్లిష్ బోధన కోసం దేశానికంతటికీ ఒక కేంద్ర సంస్థ పెట్టినప్పుడు దాన్ని మన హైదరాబాద్‌లోనే పెట్టారు. ఇప్పుడు తార్నాక దగ్గర ఇఫ్లూ అని మనం పిలుచుకునేది అదే. ఇంగ్లిష్ ఎలా చెప్పాలో దేశమంతటి టీచర్లు వచ్చి నేర్చుకున్న ఊరు ఇది. ఆ ఊరి పిల్లలు గైడ్ వ్యాసాలు దించుకుంటూ కూర్చోవడం చూస్తే నాకు మనసు ఒప్పదు.

నేను అడిగేది పెద్దదేం కాదు. జనవరి నుంచి మార్చి పరీక్షల దాకా, వారానికి ఒకసారి, రెండు పీరియడ్లు కలిపి ఇంగ్లిష్‌కు ఇవ్వండి. తొంభై నిమిషాలు. ఎనిమిది వారాలకు పన్నెండు గంటలు. అందులో నాలుగు వ్యాసాలు, ఒక్కోటి రెండుసార్లు రాయిస్తాం. ఆ పీరియడ్‌ను వేరే సబ్జెక్టుకు మార్చవద్దు, స్లిప్ టెస్టు పెట్టవద్దు. ఎనిమిదిలో ఒక వారం తెలుగు మాస్టారినో, ఉర్దూ మేడమ్‌నో ఇంగ్లిష్ క్లాసుకు పంపండి. ఇద్దరం కలిసి అలంకారాలు చెబుతాం. మా తెలుగు మాస్టారు నాతో కలిసి ఇప్పటికి మూడేళ్లు ఇలా చెప్పారు. ఆయన పద్యం అందుకుంటే నా పిల్లలు ఇంగ్లిష్ పుస్తకం తెరిచి వెతుకుతారు. మీకు నమ్మకం కుదరకపోతే ముందు ఒక్క సెక్షన్‌తో చేసి చూడండి, పిల్లల మొదటి డ్రాఫ్టునూ రెండోదాన్నీ పక్కపక్కన పెట్టుకుని మీరే చదవండి.

డిసెంబర్ చివరికల్లా మీరు రివిజన్ టైమ్ టేబుల్ వేస్తారు. ఒకసారి నోటీసు బోర్డు మీదికి వచ్చాక దాన్ని మార్చడం ఎంత కష్టమో నాకు తెలుసు. అందుకే ముందుగానే రాస్తున్నాను.

ఇట్లు,
ఒక ఇంగ్లిష్ టీచర్,
హైదరాబాద్